ఆటబంతితో వచ్చిన పుస్తకము



జూన్ మాసమున బడులు తెరువగానే మన యిండ్లలో ఒక చిన్న సంగతి జరుగుచుండును. వేసవి సెలవులలో బిడ్డ ఆశతో చదువుకొనిన కథల పుస్తకమును తల్లియో తండ్రియో తీసి అటక మీద పెట్టుదురు. "కథలు చాలు, ఇక పాఠాలు చదువుకో" అందురు. వారి ఉద్దేశము మంచిదే. కూలినాలి చేసి బిడ్డను బడికి పంపువారు, పరీక్ష తప్పునేమో యని భయపడుట సహజము. అయితే ఈ భయము మన యింట పుట్టినది కాదు. దీనికి పాత చరిత్ర యున్నది. కొంచెము ఓపికతో వినుడి.

మూడు నాలుగు వందల యేండ్ల క్రిందట ఇంగ్లాండు దేశములో, చదువు మొదలుపెట్టు బిడ్డ చేతికి తరచుగా ఇచ్చునది పిడి గల ఒక చెక్కపలక. అక్షరములును ప్రభువు ప్రార్థనయు ఉన్న కాగితము దానికి అంటించి, అది చిరుగకుండ పశువు కొమ్మునుండి తీసిన పలుచని రేకును పైన బిగించెడివారు. అందుచేత దానికి కొమ్ముపుస్తకమని పేరు వచ్చెను. దాని తరువాత వల్లెవేయవలసిన ప్రశ్నోత్తరములు. వాటి వెనుక బెత్తము. చదువనగా భయమని అనేకమంది బిడ్డలు నేర్చుకొనిరి.

1693 లో జాన్ లాకు అను తత్త్వవేత్త బిడ్డల విద్యను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అక్షరములను పాచికల మీద అంటించి ఆటగా నేర్పవచ్చుననియు, చదువ వచ్చిన బిడ్డకు బొమ్మలున్న ఈసోపు కథలు ఇవ్వవలెననియు ఆయన చెప్పెను. అట్టి పుస్తకములు ఆంగ్లములో ఇంకెన్ని యున్నవని వెదకగా, ఒకటి రెండు తప్ప తనకు తెలియవని ఒప్పుకొనెను. బిడ్డలు ఇష్టపడి చదువుటకు పుస్తకములే కరవైన కాలమది.

మరి బిడ్డలు ఊరకుండిరా? లేదు. 1678 లో అచ్చయిన జాన్ బన్యను గారి యాత్రికుని ప్రయాణము పెద్దల కొరకు వ్రాసినది. అందులోని రాక్షసులను, యుద్ధములను, పర్వతములను చూచి బిడ్డలు దానిని తమదిగా చేసికొనిరి. 1719 లో వచ్చిన రాబిన్సన్ క్రూసో కథకును అట్లే జరిగెను. ఆకలిగొన్న బిడ్డ వంటయింటిలో డబ్బాలు వెదకినట్లు, వారు పెద్దల పుస్తకములలో తమకు కావలసినది వెదకికొనిరి.

ఈ ఆకలిని గుర్తించినవారిలో జాన్ న్యూబెరీ ఒకడు. ఆయన 1713 లో పుట్టిన రైతుబిడ్డ. లండనులో పుస్తకములతోపాటు జ్వరపు మందు పొడి కూడ అమ్మిన వర్తకుడు. 1744 లో ఆయన బిడ్డల కొరకు బొమ్మలతో ఒక చిన్న పుస్తకము వేసెను. వెల ఆరు పెన్నీలు. మరి రెండు పెన్నీలిచ్చిన మగబిడ్డకు ఆటబంతి, ఆడబిడ్డకు గుండుసూదులు గుచ్చుకొను చిన్న మెత్త ఇచ్చెను. బోధయు వినోదమును ఒకే చోట ఉండవచ్చునని ఆ పుస్తకము చూపెను.

1765 లో ఆయన ప్రకటించిన మరియొక కథ మన పల్లెవారికి బాగుగా తెలియగలది. అందులో మార్జెరీ అను అనాథ బాలిక యున్నది. బడినుండి తిరిగివచ్చు పిల్లల పుస్తకములు అడిగి తీసికొని, ఆ కొంచెము సేపటిలోనే చదువ నేర్చుకొనెను. తరువాత కర్రతో అక్షరములు చేసి, బుట్టలో పెట్టుకొని ఇంటింటికి తిరిగి ఇతర బిడ్డలకు నేర్పెను. ఆమెను ఎవరును బలవంతపెట్టలేదు.

ఇది దూరదేశపు మాట యందురేమో. మన తెలుగు దేశమందును పుస్తకమును జనుల యొద్దకు తీసికొనిపోయినవారున్నారు. 1935 లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ పడవల మీద గ్రంథాలయము నడిపించిరి. పడవ సాగుచుండగా ప్రయాణికులు చదువుకొనెడివారు. బిడ్డల కొరకు 1945 లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రికను, 1947 లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 'చందమామ'ను ఆరంభించిరి. ఆ పత్రికలు ఇప్పుడు వెలువడుట లేదు. కాని చందమామ కొరకు వాకిట కాచుకొనిన బిడ్డలలో అనేకులు నేడు తాతలు, అమ్మమ్మలై యున్నారు. వారినడుగుడి, కథ చదివినందున పాఠము చెడెనా, బాగుపడెనా యని.

చదువరీ, సంగతి యిది. పాఠపుస్తకములో బిడ్డ ఒక్క పాఠమును వారము దినములు చదువును. కథల పుస్తకములో ఒక్క సాయంకాలమే పది పుటలు దాటును. అప్పుడు కన్ను వేగము నేర్చును, క్రొత్త మాటలు పరిచయమగును, పాఠము తేలికయగును. పరీక్ష కొరకే చదివిన బిడ్డ పరీక్షతోనే పుస్తకము మూయును. ఏడవ తరగతి చదివియు నేడు ఉత్తరము చదివించుకొనుటకు ఇంకొకరి యింటికి వెళ్లువారు మన ఊరిలో లేరా? అక్షరము రానందున కాదు, అక్షరముతో స్నేహము లేనందున వారు దానిని పోగొట్టుకొనిరి.

కాబట్టి బడి నడుచు దినములలోనే రాత్రి భోజనమైన తరువాత పావుగంట సేపు బిడ్డను తనకిష్టమైనది చదువుకొననియ్యుడి. చదివినదే మరల చదివినను అడ్డగింపకుడి. వెంటనే ప్రశ్నలడిగి దానిని కూడ పరీక్ష చేయకుడి. ఆ పావుగంట మీరును ఫోను ప్రక్కన పెట్టి, బిడ్డ చేత బిగ్గరగా చదివించుకొని వినుడి. మీకు చదువు రాకపోయినను వినుట వచ్చును గదా! బడిలో పుస్తకముల బీరువా తాళము వేసియున్న యెడల, మేష్టారిని మర్యాదగా అడుగుడి.

అటక మీద పెట్టిన ఆ పుస్తకమును ఈ రాత్రియే దింపుడి. దుమ్ము దులిపి బిడ్డ చేతికియ్యుడి.