టారో ముక్కలు – పృచ్ఛకుని పక్షం

మొన్న వేసవిలో మా మనుమరాలు 78 ముక్కల టారో పేక ఒకటి తెచ్చి, "తాతయ్యా, నా స్నేహితురాలు చాలా దిగులుగా ఉంది. దీంతో దానికి జోస్యం చెప్పవచ్చునా?" అని అడిగింది. తోచిన చరిత్ర కొంత చెప్పాను. మిత్రులకు కూడ ఉపకరించునని ఇక్కడ వ్రాస్తున్నాను.

15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో పుట్టిన ఈ పేక మొదట కేవలం ఆటవస్తువు. 1781లో పారిస్ పండితుడు కూర్ ద జెబెలాఁ ఇది ప్రాచీన ఈజిప్టు విజ్ఞానమని ప్రకటించాడు. నిజానికి ఆనాటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలవారే లేరు! అనంతరం కొద్దికాలానికే ఎత్తెయ్యా అనే ఆయన ఈ ముక్కలతో జోస్యం చెప్పే పద్ధతిని గ్రంథస్థం చేశాడు.

జోస్యవృత్తి విషయమై ఇంగ్లండు చట్టం నడిచిన తీరు గమనింపదగినది. 1824 నాటి దేశదిమ్మరుల చట్టం జోస్యం చెప్పడాన్నే నేరంగా ఎంచింది. దివ్యదృష్టి కలదని చెప్పుకొనేవారిని గూర్చిన 1951 చట్టం, ప్రతిఫలాపేక్ష, మోసగించే ఉద్దేశం రెండూ ఉంటేనే శిక్షించింది. 2008లో దానిని రద్దుచేసి వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు అనారోగ్యం, వయస్సు, సులభంగా నమ్మే గుణం వలన బలహీనులైనవారిని ప్రత్యేకంగా పేర్కొన్నవి. దృష్టి దైవజ్ఞుని నుండి పృచ్ఛకుని వైపు మరలడానికి 184 ఏండ్లు పట్టిందన్నమాట.

నాకు ఆ పాఠం మరొక విధంగా అబ్బింది. ఉద్యోగంలో ఉండగా, పరీక్ష తప్పి ఇల్లు విడిచిన విద్యార్థి తల్లి వచ్చి, "మాస్టారూ, పంచాంగం చూసి చెప్పండి" అని ఏడ్చింది. "ఉత్తర దిక్కున క్షేమంగా ఉన్నాడమ్మా, వస్తాడు" అన్నాను. పైసా పుచ్చుకోలేదు, మోసగించే తలంపూ లేదు. 1951 చట్టం ముందు నేను నిర్దోషినే. కాని నా మాట నమ్మి ఆమె రెండు రోజులు పోలీసు స్టేషనుకు వెళ్ళలేదు. పిల్లవాడు దొరికాడు, దైవకృప. ఆ రెండు రోజులు మాత్రం నన్ను నేటికీ బాధిస్తున్నవి.

అందుచేత మనుమరాలితో ఇట్లన్నాను: "సరదాకైతే ఆడుకోండమ్మా. దుఃఖంలో ఉన్నవారు అడిగితే మాత్రం ముక్కలు పరచవద్దు. ఆ పిల్ల చెప్పేది విను. వాళ్ళ అమ్మకు తెలియజెయ్యి, అవసరమైతే డాక్టరు వద్దకు తోడు వెళ్ళు."

పేకను పెట్టెలో పెట్టి, స్నేహితురాలికి ఫోను చేసింది.