వేడిమి కొలతలో వెలుగు: ద్రవ స్ఫటికాల అధ్యయన చరిత్ర

ద్రవంలా పారుతూనే, స్ఫటికంలో వలె అణువులు ఒక క్రమంలో ఒదిగి ఉండే పదార్థ స్థితిని ద్రవ స్ఫటికం అంటారు. ఈ శాస్త్రానికి పునాది వేసినది ఉష్ణమాపకం. 1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రవేత్తగా ఉన్న ఫ్రీడ్‌రిక్ రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేసినప్పుడు, అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవం కావడాన్నీ, 178.5 డిగ్రీల వద్ద ఆ మసక విడిపోయి తేటపడడాన్నీ, చల్లారేటప్పుడు ఊదా, నీలి రంగులు కాసేపు కనిపించడాన్నీ గమనించాడు.

శుద్ధ పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు ఎలా ఉంటాయో తేల్చడానికి ఆయన భౌతిక శాస్త్రవేత్త ఆటో లేమాన్ సహాయం కోరాడు. నమూనాను వేడిచేస్తూనే పరిశీలించగల ధ్రువణ సూక్ష్మదర్శిని లేమాన్ వద్ద ఉంది. కాంతి కంపనాలను ఒకే తలానికి పరిమితం చేసే ధ్రువణకాలు రెండింటిని పరస్పరం లంబంగా అమర్చితే, వాటి నడుమ మామూలు ద్రవం చీకటిగా ఉంటుంది. రైనిట్జర్ మసక ద్రవం మాత్రం స్ఫటికంలా వెలిగింది. ఇది కలుషితమైన మిశ్రమమేనని గుస్తావ్ టామన్ వంటివారు వాదించినా, హాలేలో డానియల్ ఫోర్లెండర్ బృందం అలాంటి పదార్థాలను విరివిగా తయారుచేయడంతో ఆ వాదన నిలవలేదు. 1922లో జార్జ్ ఫ్రీడెల్ వీటిని నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టెరిక్ అని వర్గీకరించాడు.

ద్రవ స్ఫటికాల్లోని ఈ క్రమాన్ని ప్రతిదీప్తి ద్వారా కూడా పరిశీలించవచ్చు. ఒక పదార్థం కాంతిని గ్రహించి, సాధారణంగా అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యంతో వెంటనే తిరిగి వెలువరించడం ప్రతిదీప్తి. 1852లో జార్జ్ స్టోక్స్ దీనిని వివరించాడు. నెమాటిక్ ద్రవంలో అణువుల పొడవైన అక్షాలు దాదాపు ఒకే దిశకు తిరిగి ఉంటాయి కనుక, అందులో కలిపిన పొడవాటి ప్రతిదీప్త రంజకాణువులు కూడా ఆ దిశకే మళ్లుతాయి, వాటి వెలుగు కొంతమేరకు ధ్రువితమవుతుంది. విద్యుత్ క్షేత్రంతో ఈ అమరికను మార్చి ప్రతిదీప్త ప్రదర్శన ఫలకాన్ని నిర్మించే ప్రయత్నాన్ని 1977లో పరిశోధకులు యూ, లేబెస్ ప్రకటించారు.

అయితే అణువులు గుమికూడితే చాలా రంజకాల ప్రతిదీప్తి క్షీణిస్తుంది. 2001లో హాంకాంగ్‌లో బెన్ జాంగ్ టాంగ్ బృందం గుమికూడినప్పుడే వెలిగే అణువులను వెల్లడించాక, తామే వెలుగునిచ్చే ద్రవ స్ఫటికాల నిర్మాణానికి కొత్త మార్గం ఏర్పడింది. వీటి అధ్యయనంలో ఉష్ణోగ్రత రెండు పనులు చేస్తుంది: అణువుల క్రమాన్ని సడలిస్తుంది, గ్రహించిన శక్తి వెలుగుగా కాక వేడిగా వెలువడే అవకాశాన్ని పెంచుతుంది. అందువల్ల వెలుగు తగ్గినంత మాత్రాన క్రమం చెదిరిందని చెప్పలేరు. ధ్రువణం ఏ మేరకు మిగిలిందో కూడా కొలిచి, లేమాన్ నాటి పద్ధతిలోనే నమూనాను దశలవారీగా వేడిచేస్తూ, ఆ రెండు ప్రభావాలను వేరుచేస్తారు.