వింపీ: మంగళవారం ఇస్తానన్న పెద్దమనిషి

జె. వెల్లింగ్టన్ వింపీ అమెరికన్ చిత్రకారుడు ఎల్జీ క్రిస్లర్ సీగర్ సృష్టించిన కామిక్ పాత్ర. దినపత్రికల్లో వచ్చిన ‘థింబుల్ థియేటర్’ బొమ్మల కథలో 1931లో అడుగుపెట్టాడు. కథానాయకుడు పొపాయ్. వింపీ అతని పక్కన తిరిగే లావుపాటి మిత్రుడు మాత్రమే. బౌలర్ టోపీ, చిన్న మీసం, మెడకు టై, నోట్లోంచి ఊడిపడే మర్యాదలు, జేబులో మాత్రం చిల్లిగవ్వ ఉండదు. ఇవాళ హ్యాంబర్గర్ పెట్టిస్తే మంగళవారం డబ్బులిస్తాననడం అతని నిత్యపారాయణం. ఆ మంగళవారం ఎన్నడూ రాలేదు. అయినా అతని పేరు మీద ఒక హోటళ్ల గొలుసు వెలిసింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఒక బాంబర్ విమానం ఎగిరింది, అతని వాగ్దానం అమెరికాలో అప్పుల రాజకీయాలకు సామెతలా స్థిరపడింది.

సీగర్ 1894లో ఇల్లినాయ్ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న చెస్టర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. కుర్రతనంలో అక్కడి ఒపేరా హౌస్‌లో సినిమా ప్రొజెక్టర్ తిప్పేవాడు, మూకీ చిత్రాలకు డ్రమ్ములు వాయించేవాడు. ఆ థియేటర్ యజమాని జె. విలియం షూకర్ట్‌కు హ్యాంబర్గర్లంటే ప్రాణం. వింపీకి మూలం ఆయనేనని చెస్టర్‌వాసుల నమ్మకం. అదే ఊళ్లో ఫ్రాంక్ ఫీగల్ అనే పైపు కాల్చే కొట్లాటరాయుడు పొపాయ్‌కి, డోరా పాస్కెల్ అనే సన్నటి పొడుగాటి మహిళ పొపాయ్ ప్రియురాలు ఆలివ్ ఆయిల్‌కి నమూనాలని చెబుతారు. వెల్లింగ్టన్ అన్న పేరుకు మాత్రం షికాగోలో చిత్రకళ నేర్పిన వెల్లింగ్టన్ జె. రేనాల్డ్స్ కారణమని ఇంకో కథనం ఉంది.

‘థింబుల్ థియేటర్’ 1919 డిసెంబరు 19న ‘న్యూయార్క్ ఈవెనింగ్ జర్నల్’లో మొదలైంది. ఆలివ్, ఆమె అన్న కాస్టర్, ఆమెను ప్రేమించే హామ్ గ్రేవీ, ఈ ముగ్గురి చుట్టూ దాదాపు పదేళ్లు నడిచింది. 1929 జనవరి 17న ఓడ నడపడానికి కుదుర్చుకున్న ఒంటికన్ను నావికుడొకడు వచ్చాడు. పని కాగానే వెళ్లిపోవలసినవాడు, కానీ పాఠకులు వెళ్లనివ్వలేదు. అంటే పొపాయ్ కూడా మొదట ఉపపాత్రే. సీగర్ కలంలో పక్కవాళ్లకు ఎప్పుడూ అసలు వాళ్లకంటే ఎక్కువ ఊపిరి ఉండేది. వింపీ ఆ వరసలో రెండోవాడు.

మొదట అతను ఆదివారం పేజీలో బాక్సింగ్ బరి మధ్య నిలబడ్డ రిఫరీ. పొపాయ్ ముష్టియుద్ధాలకు తీర్పరి అన్నమాట, అదీ ఏమాత్రం నిజాయితీ లేని తీర్పరి. మెల్లగా బరి దాటి రఫ్‌హౌస్ అనేవాడి కాఫీ హోటల్‌కు చేరాడు. అసలు నాటకం అక్కడే. వింపీ లోపలికి వస్తాడు, టోపీ తీసి క్షేమ సమాచారాలు అడుగుతాడు, ఆ తర్వాత ఉల్లిపాయలతో కాలుతున్న మాంసం వాసన గురించి కవిలా నాలుగు మాటలంటాడు. రఫ్‌హౌస్ ముఖం అప్పటికే ఎర్రబడి ఉంటుంది. పాత బాకీ మాటెత్తితే వింపీ నొచ్చుకున్నట్టు చూస్తాడు, తిట్టినా కదలడు, బయటికి గెంటితే కాసేపటికి మళ్లీ అదే కుర్చీలో కనిపిస్తాడు. పక్క బల్ల మీద గీజిల్ అనే చెప్పులు కుట్టేవాడు ఉంటాడు. వింపీ చస్తే బాగుండునని బాహాటంగా కోరుకునే మనిషి అతను. ఈ ముగ్గురితోనే సీగర్ వారాల తరబడి పేజీ నింపాడు. బర్గర్ ముందు, డబ్బు తర్వాత అన్న ఒకే ఒక్క సంగతిని ఇన్ని రకాలుగా తిప్పిన హాస్యరచయితలు అరుదు.

మన కిరాణా కొట్లలో వేలాడే ‘నేడు నగదు, రేపు అరువు’ బోర్డును తిరగేస్తే వింపీ తయారవుతాడు. అక్కడ రాని రేపును చూపి కొట్టువాడు తప్పించుకుంటాడు, ఇక్కడ రాని మంగళవారాన్ని చూపి గిరాకీ తప్పించుకుంటాడు.

వింపీ పుట్టిన కాలాన్ని మరచిపోకూడదు. 1929 స్టాక్ మార్కెట్ పతనం తర్వాత అమెరికాలో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. 1933 నాటికి పనిచేయగలవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. అంతకు ముందు దశాబ్దం వాయిదాల మీద కార్లూ రేడియోలూ కొన్న దశాబ్దం. ఇప్పుడు ఆ వాయిదాలు కట్టే దారి లేదు. అలాంటి రోజుల్లో అప్పు ఎగ్గొట్టేవాడు పేపర్లో విలన్‌గా కాక వినోదంగా కనిపించడంలో వింతేమీ లేదు. పైగా వింపీ దీనంగా చెయ్యి చాపడు, విందుకు వచ్చిన అతిథిలా కూర్చుంటాడు. ఇల్లూ వాకిలీ పోయినా టై ముడి జారనివ్వని మనిషి అతను.

హ్యాంబర్గర్‌కూ అతని అవసరం ఉంది. 1906లో అప్టన్ సింక్లేర్ నవల ‘ది జంగిల్’ షికాగో కబేళాల మురికిని బయటపెట్టాక, తరిగిన మాంసం అంటే జనం అనుమానంగా చూశారు. 1921లో విచిటా నగరంలో మొదలైన వైట్ క్యాజిల్ తెల్లటి భవనాలు, శుభ్రమైన వంటగది చూపించి, ఐదు సెంట్లకు ఒకటి అమ్మి ఆ భయం పోగొట్టే పని చేపట్టింది. పదేళ్ల తర్వాత వచ్చిన వింపీ, పైసా తీసుకోకుండా (ఇవ్వకుండా కూడా) అదే వంటకానికి దేశమంతటా ప్రచారం చేసిపెట్టాడు. పొపాయ్ పాలకూరను పిల్లల కంచాల్లోకి తోశాడని అందరూ చెబుతారు. వింపీ హ్యాంబర్గర్‌కు చేసిన మేలు అంతకన్నా ఎక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే పాలకూరను పొపాయ్ మందులా మింగాడు, బర్గర్‌ను వింపీ ప్రేమించాడు.

ఆ ప్రేమ ముందు మిగతా బంధాలన్నీ దిగదుడుపే. 1933 చివర్లో మొదలై మరుసటి ఏడాది దాకా సాగిన ‘ప్లండర్ ఐలండ్’ కథలో అతను పొపాయ్ బద్ధశత్రువైన సముద్రపు మంత్రగత్తె సీ హ్యాగ్‌తో తిండికోసం ప్రేమాయణం నడుపుతాడు. ఎదుటివాళ్లను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, తాను పక్కకు తప్పుకొని తమాషా చూడటం అతని ఇంకో విద్య. మీరిద్దరూ కొట్టుకోండి అన్న అర్థంలో అతను వాడే ఆంగ్ల మాట నానుడిగా మారింది. మనోవైద్యుడు ఎరిక్ బెర్న్ 1964లో రాసిన ‘గేమ్స్ పీపుల్ ప్లే’లో మనుషులు తెలియకుండా ఆడే ఆటల్లో ఒకదానికి అదే పేరు పెట్టాడు. ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ సీగర్ బొమ్మల కథలను ఆరు సంపుటాలుగా వేసినప్పుడు మూడో సంపుటానికి శీర్షిక కూడా అదే.

1933లో ఫ్లైషర్ స్టూడియో పొపాయ్‌ను వెండితెర మీదికి తెచ్చింది. యానిమేషన్‌లో వింపీకి సీగర్ ఇచ్చినంత చోటు దొరకలేదు. అక్కడ కథంతా పొపాయ్, అతని ప్రత్యర్థి బ్లూటోల గుద్దులాటే. అయినా 1934 నాటి ‘వుయ్ ఎయిమ్ టు ప్లీజ్’లో వింపీ మంగళవారం మంత్రం వేసి బర్గర్ సంపాదిస్తే, అది చూసి బ్లూటో కూడా అదే ఎత్తు వేయబోతాడు. 1936లో వచ్చిన సింద్‌బాద్ రంగుల చిత్రంలో చుట్టూ రాక్షసులూ భీకర యుద్ధమూ నడుస్తుంటే, వింపీ మాంసం కైమా కొట్టే మరను చేతపట్టి ఒక బాతు వెంట పడతాడు. ఆ బాతు దక్కదు.

సీగర్ 1938 అక్టోబరులో, 43 ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పటికి అతని పాత్రలు పేజీ దాటి వీధుల్లో తిరుగుతున్నాయి. 1936లో అతను గీసిన యూజీన్ అనే మాయజంతువు జాతి పేరు ‘జీప్’. అమెరికన్ సైనిక వాహనానికి ఆ పేరు రావడానికి గల కారణాల్లో దాన్నీ చెబుతారు. తర్వాత మహీంద్రా సంస్థ బొంబాయిలో బిగించిన జీపులు మన తాలూకాఫీసుల దాకా వచ్చాయి.

వింపీది మరీ విచిత్రమైన ప్రయాణం. 1936 జూన్‌లో మొదటిసారి ఎగిరిన బ్రిటిష్ బాంబర్ విమానానికి, నెపోలియన్‌ను ఓడించిన సేనాని గౌరవార్థం వికర్స్ సంస్థ వెల్లింగ్టన్ అని పేరుపెట్టింది. రాయల్ ఎయిర్ ఫోర్స్ కుర్రాళ్లకు వెల్లింగ్టన్ అనగానే గుర్తొచ్చింది ఆ డ్యూక్ కాదు, పేపర్లోని లావుపాటి వింపీ. విమానం పొట్ట కూడా గుండ్రంగానే ఉండేది. ముద్దుపేరు అంటుకుపోయింది. బార్న్స్ వాలిస్ అల్లిక బుట్టలా రూపొందించిన లోహపు చట్రం వల్ల, ఒళ్లంతా తూట్లు పడ్డా ఆ విమానం తిరిగి గూటికి చేరేది. మొత్తం 11,400కు పైగా తయారయ్యాయి. 1942 మే నెలాఖరులో కొలోన్ నగరం మీద జరిగిన వెయ్యి విమానాల దాడిలో సగానికి పైగా ఇవే. 1940 చివరిరోజున స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో కూలిన ఒక వెల్లింగ్టన్‌ను 1985లో పైకి తీసి బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

ఇక హోటళ్ల సంగతి. ఎడ్వర్డ్ గోల్డ్ అనే వ్యాపారి 1934లో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో వింపీ గ్రిల్స్ తెరిచాడు. జీవితంలో ఒక్క బిల్లు కట్టనివాడి పేరును బోర్డు మీద రాసి గిరాకీలను పిలవడం సాహసమే. అమెరికాలో అది పెద్దగా పెరగలేదు, 1977లో గోల్డ్ చనిపోయాక ఆయనతోపాటే ముగిసింది. అసలు వైభవం అట్లాంటిక్ అవతల దక్కింది. టీ దుకాణాలకు పేరుపడ్డ జె. లయన్స్ సంస్థ లైసెన్సు తీసుకుని 1954లో లండన్ కొవెంట్రీ వీధిలోని తన కార్నర్ హౌస్‌లో మొదటి వింపీ బార్ పెట్టింది. బ్రిటన్‌లో యుద్ధకాలపు మాంసం రేషన్ ఎత్తేసింది కూడా ఆ ఏడాదే. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించేవాళ్లు, పింగాణీ పళ్లెం, కత్తీ ఫోర్కూ, టమాటా ఆకారంలో ప్లాస్టిక్ సాస్ బుడ్డి: అమెరికన్ తిండికి ఇంగ్లిష్ మర్యాద తోడైంది. తర్వాత సంస్థ తన గుర్తుగా లండన్ టవర్ కావలివాళ్ల వేషంలో ‘మిస్టర్ వింపీ’ అనే బొమ్మను తెచ్చింది. సీగర్ వింపీ పేరు మిగిలింది, టోపీ మారిపోయింది.

మన దేశంలోనూ మెక్‌డొనాల్డ్స్ 1996లో రాకముందే, 1980ల్లో దిల్లీ కన్నాట్ ప్లేస్ ప్రాంతంలో వింపీ ఉండేది. ఆ తరం దిల్లీ కాలేజీ కుర్రకారుకు బర్గర్ పరిచయమైన చోట్లలో అదొకటి.

1980లో రాబర్ట్ ఆల్ట్‌మన్ మాల్టాలో సెట్టు వేసి తీసిన ‘పొపాయ్’ సినిమాలో పాల్ డూలీ వింపీగా వేశాడు. ఆ తర్వాత రెండేళ్లకు నింటెండో పొపాయ్ ఆటలో ఊగుడుబల్ల ఒక చివర వింపీ కూర్చున్నాడు. ఒర్లాండోలోని యూనివర్సల్ వినోద ఉద్యానంలో అతని పేరుతో బర్గర్ కొట్టు ఉంది. 2006లో చెస్టర్ పట్టణం తన వీధుల్లో సీగర్ పాత్రల విగ్రహాలు వరసగా నిలబెట్టడం మొదలుపెట్టినప్పుడు తొలి విగ్రహం వింపీదే. అమెరికన్ పత్రికల్లో బడ్జెట్ లోటు, పింఛన్ల బకాయిల వంటి విషయాలు వచ్చినప్పుడల్లా సంపాదకీయాల్లో అతని మంగళవారం ప్రత్యక్షమవుతుంది. పార్టీలు మారినా ఆ ఎత్తిపొడుపు మారదు. మన దగ్గర ఆ పని ‘అప్పుల అప్పారావు’ అన్న మాట చేస్తుంది.

బ్రిటన్‌లో వింపీ ప్రాభవం 1974లో మెక్‌డొనాల్డ్స్ వచ్చాక తగ్గుతూ పోయింది. 1989లో గ్రాండ్ మెట్రోపాలిటన్ సంస్థ చేతికి చిక్కాక, మంచి కూడళ్లలో ఉన్న శాఖలు బర్గర్ కింగ్‌లుగా మారాయి. మిగిలినవాటిని 2007లో దక్షిణాఫ్రికాకు చెందిన ఫేమస్ బ్రాండ్స్ కొనుక్కుంది. 1967లో డర్బన్‌లో తొలి శాఖ తెరిచిన ఆ దేశంలోనే ఇప్పుడు వింపీ బలంగా ఉంది. హైవేల పక్క పెట్రోలు బంకుల దగ్గర ప్రయాణికులు ఆగే చోటు అది. అక్కడ ఎక్కువ పేరు పొందినవి మాత్రం హ్యాంబర్గర్లు కావు, పొద్దుటి టిఫినూ కాఫీనూ.