పాత సైకిల్లో అసలు ఏది?

సైకిలు చరిత్ర రాసేవాళ్ళకి 1900 దాటాక పెద్దగా పని ఉండదు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇంకో పదిహేనేళ్ళకి నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు తయారైంది. మన తాతలు తొక్కిన నల్లటి సైకిలులో ఉన్నవన్నీ దాదాపుగా అప్పటికే ఉన్నాయి. కాని మన ఊళ్ళలోకి సైకిలు విరివిగా వచ్చింది ఆ తర్వాతే. కనిపెట్టినవాళ్ళ చరిత్ర అయిపోయాక వాడినవాళ్ళ చరిత్ర మొదలైందన్నమాట. డేవిడ్ ఎడ్జర్టన్ తన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' (2006) పుస్తకంలో గట్టిగా వాదించేది ఇదే. యంత్రాల చరిత్రని కొత్తగా పుట్టిన తేదీల వెంట కాకుండా, వాటి వాడకం వెంట, మరమ్మతుల వెంట రాయాలంటాడు. చదివినప్పుడు బాగానే ఉంది గాని, అలాంటి చరిత్రకి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? సైకిలు మెకానిక్కులు డైరీలు రాయలేదు కదా.

నాకు దొరికినంతవరకూ ఆ ఆధారాలు పాత ఇనప సామాన్ల కొట్లలో ఉన్నాయి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా పాత సైకిళ్ళు వెతికి బాగుచేసుకుంటూ ఉంటాను. హైదరాబాదులో జుమేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, ఊరెళ్ళినప్పుడు మూతపడబోతున్న సైకిలు షాపులు. వీటిలో చివరివే అన్నిటికన్నా మేలు. తండ్రి నడిపిన షాపులో కొడుకు మొబైల్ కవర్లు అమ్ముతుంటాడు. అటక మీద రేకు డబ్బాల్లో కాటర్ పిన్నులు, కోన్లు, బెల్లు మూతలు, నూనె కాగితంలో చుట్టిన యాక్సిళ్ళు అలాగే ఉంటాయి. "పాత స్టాకు ఏమన్నా ఉందా అన్నా?" అని అడిగితే చాలాసార్లు, "మీరే పైకెక్కి చూసుకోండి సార్" అంటారు.

చవకగా కొనడంలో పెద్ద రహస్యం లేదు. పాత ఇనప సామాన్ల కొట్టులో సైకిలు ధర దాని బరువు. ఇరవై కిలోల ఇనుము అంతే. అదే సైకిలుకి 'వింటేజ్' అనే మాట తగిలిస్తే ధర పదింతలవుతుంది. ఈ రెండు ధరల మధ్య తేడా అంతా చదవడం రావడంలోనే ఉంది. అందుకని చదవడం ఎలాగో కొంచెం చెప్తాను.

ముందు ఫ్రేము ముందు భాగాన ఉండే బిళ్ళ. కొంగ తల ఉంటే ర్యాలీ. మూడు తుపాకులు నిలబెట్టి ఉంటే బీఎస్‌ఏ. బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, 1861లో తుపాకులు చెయ్యడానికి పెట్టిన కంపెనీ. తర్వాత సైకిళ్ళలోకి వచ్చింది. 1957లో ఆ సైకిళ్ళ వ్యాపారాన్ని ర్యాలీకి అమ్మేశారు. అయినా ఇవాళ లక్షల ఖరీదు చేసే సైకిళ్ళలో సైతం పెడళ్ళ ఇరుసు కూర్చునే చోట ఒక రకం మరలని బీఎస్‌ఏ మరలనే పిలుస్తారు, అంగుళానికి 24 చుట్లు. ర్యాలీ మాత్రం నాటింగ్‌హామ్‌లో తన సొంత లెక్క పెట్టుకుంది, అంగుళానికి 26. కంటికి తేడా తెలీదు. అమ్మేవాడు "పట్టేస్తుంది సార్, కొంచెం గట్టిగా తిప్పితే" అంటాడు. నిజమే, పట్టేస్తుంది. ఫ్రేములో అరవై డెబ్భై ఏళ్ళుగా నిలిచిన మర మాత్రం ఆ ఒక్క తిప్పుడుతో పోతుంది. అందుకే మరలు కొలిచే గేజీ జేబులో లేకుండా ఈ భాగాలు కొనకూడదు.

బిళ్ళ చూసి సంతోషపడితే చాలదు. హెర్క్యులిస్ బిళ్ళ ఉన్నంత మాత్రాన అది బర్మింగ్‌హామ్‌ది కానక్కర్లేదు. హెర్క్యులిస్ కంపెనీ 1910లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి 1946లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికి వెళ్ళింది. ఆ సంస్థ, మద్రాసు మురుగప్ప కుటుంబం కలిసి 1949లో టీఐ సైకిల్స్ పెట్టారు. 1950ల మొదటి నుంచీ అంబత్తూరులో హెర్క్యులిస్‌లు తయారయ్యాయి. ర్యాలీ కూడా సుధీర్ కుమార్ సేన్‌తో కలిసి ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ పెట్టింది. సోనీపత్‌లో అట్లస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. దిగుమతుల మీద ఆంక్షలు బిగుసుకుంటున్న కాలం అది. ఒకే పదేళ్ళలో మన రోడ్ల మీదికి ఇంగ్లండులో చేసినవి, ఇంగ్లండు పేరుతో ఇక్కడ చేసినవి, ఇక్కడి పేరుతోనే చేసినవి, అన్నీ వచ్చాయి. ఆకారం మాత్రం అన్నిటిదీ ఒకటే. ఇనప కడ్డీల బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, ముందు 32 వెనక 40 స్పోకులు.

ఆ ఆకారం ఇక్కడ మారలేదు గనుకే పాత సైకిలు బాగుచెయ్యడం మనకింత సులువు. 28 ఇంటు ఒకటిన్నర టైరు, కడ్డీ బ్రేకు రబ్బర్లు, కాటర్ పిన్నులు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. ఇంగ్లండులో అవి అరుదైన వస్తువులు. అమ్మిన దేశంలో పోయిన వస్తువు కొన్న దేశంలో బతికి ఉంది.

కొన్నవారి కథలో కష్టాలూ ఉన్నాయి. సేన్-ర్యాలీని, బొంబాయి హింద్ సైకిల్స్‌ని 1980లో ఒకే చట్టం కింద జాతీయం చెయ్యాల్సి వచ్చింది. ఇంకోపక్క లూధియానా హీరో 1986లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అట్లస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, మూతపడింది.

ఇదంతా కంపెనీల చరిత్ర. ఇది కాగితాల మీద దొరుకుతుంది. దొరకని చరిత్రకి ఒక ఉదాహరణ చెప్తాను.

గుంటూరు జిల్లాలో ఒక ఇనప కొట్టులో 1,800 రూపాయలకి ఒక ర్యాలీ కొన్నాను. ఫ్రేము, ఫోర్కు ర్యాలీవే. వెనక హబ్బు స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్లది. ఈ హబ్బుల డొల్ల మీద రకం పేరు, తయారైన సంవత్సరం, నెల కొట్టి ఉంటాయి. దీని మీద ఏడబ్ల్యూ, 54, 3 అని ఉంది. అంటే 1954 మార్చి. ఇది హబ్బు పుట్టిన తేదీ మాత్రమే, సైకిలు పుట్టిన తేదీ అని దీన్నిబట్టే చెప్పకూడదు. చక్రాలు మారడం మామూలే. పెడల్ క్రాంకు మీద హీరో అని ఉంది. క్యారేజీ ఎవరో ఇనప చువ్వలతో వెల్డింగ్ చేయించినది, రెండు బస్తాలు మోసేంత గట్టిది. ఫోర్కుకి ఇరుపక్కలా అదనపు కడ్డీలు బిగించారు. చైన్ కవర్ మీద మూడు పొరల రంగు. గీకితే అడుగున పసుపు రంగుతో తెలుగులో ఒక పేరు, ఊరు.

గేరు మార్చే మీట లేదు, కేబుల్ లేదు. ఈ హబ్బుకో గుణం ఉంది. కేబుల్ తెగిపోతే ఆగిపోదు, పై గేరులో పడిపోతుంది. మామూలు గేరు కన్నా మూడో వంతు బరువుగా తొక్కాలి. అంత క్యారేజీ కట్టుకున్న మనిషి బస్తాలు వేసుకుని పై గేరులో తొక్కాడా అని ఆశ్చర్యపోయి వెనక పళ్ళచక్రం లెక్కపెట్టాను. 22 పళ్ళు. అప్పటి సైకిళ్ళకి మామూలుగా 18 ఉండేది. విప్పి చూస్తే దాని మీద స్టర్మీ పేరు లేదు. లోపలి అంచున మూడు బుడిపెలు ఉంటేనే అది ఈ హబ్బు మీద కూర్చుంటుంది. ఇంకేదో చక్రం తీసుకుని, సరిగ్గా ఆ మూడు బుడిపెలు మిగిలేలా ఆకురాయితో అరగదీశారు. గీతలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

లెక్క చూడండి. ముందు 44 పళ్ళు, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. పై గేరులో ఇరుక్కుంటే అది 3.26 అవుతుంది. వెనక 22 వేస్తే మళ్ళీ 2.67కి దిగుతుంది. తెగిన కేబుల్ దొరకని ఊళ్ళో, హబ్బు మార్చే డబ్బు లేని మనిషికి, ఒక మెకానిక్కు గేరు తిరిగి తెచ్చిపెట్టాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు గేర్ నిష్పత్తులు చదివిన నేను చూసినవాటిలో ఇంత పొదుపైన పరిష్కారం ఇంకొకటి లేదు. ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయన చేసిన పనికి సాక్ష్యం ఈ 22 పళ్ళ చక్రం ఒక్కటే.

ఇప్పుడు అసలు సమస్య. పాత సైకిళ్ళ అభిమానుల్లో ఎక్కువమంది 'ఒరిజినల్'కి తీసుకెళ్ళడాన్నే బాగుచెయ్యడం అంటారు. 1954 సైకిలైతే ప్రతి భాగమూ 1954 నాటిది కావాలి. ఆ లెక్కన నేను హీరో క్రాంకు తీసేసి కొంగ బొమ్మలు చెక్కిన ర్యాలీ చక్రం వెతకాలి. వెల్డింగ్ క్యారేజీ పారెయ్యాలి. 22 తీసి 18 వెయ్యాలి. చైన్ కవర్ మీది పేరు చెరిపి నల్ల రంగు కొట్టాలి. అదంతా చేస్తే చక్కటి సైకిలు తయారవుతుంది, నాటింగ్‌హామ్ షోరూములో నిలబడదగ్గది. కాని అది ఎవరూ తొక్కని సైకిలు. గుంటూరు జిల్లాలో ఆ సైకిలు గడిపిన ఏళ్ళన్నిటినీ చెత్తగా ఎంచి తీసేసినట్టు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ తగువు కొత్త కాదు. బ్రౌను వేమన పద్యాల ప్రతులు పోగుచేసి, సరిపోల్చి, 1829లో అచ్చువేశాడు. అప్పట్నుంచీ ఏవి వేమనవి, ఏవి చేర్పులు అన్న వాదన నడుస్తూనే ఉంది. కవి రాసిందేదో తేల్చాలన్న కోరిక తప్పు కాదు. కాని చేర్పులూ ఎవరో పాడుకుని, అవసరపడి కలిపినవే. వాటిని పుటల అడుగునైనా ఉంచే పరిష్కర్తకి ఆ పద్యాలు బతికిన తీరు తెలుస్తుంది, కొట్టేసేవాడికి తెలియదు. తాళపత్రానికి పాఠాంతరాలు రాసుకునే ఓపిక ఉన్న మనం సైకిలుకి ఆ మాత్రం మర్యాద ఎందుకివ్వం?

'ఒరిజినల్' మోజుకి ఇంకో ఖరీదు ఉంది. నా సైకిలు తోలు సీటు బ్రూక్స్‌ది. ఆ సీటుకి, కొంగ బిళ్ళకి, హబ్బుకి కలిపి ఒకాయన నేను సైకిలు మొత్తానికి ఇచ్చినదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఒక సైకిలుని అచ్చంగా 1954కి తీసుకెళ్ళాలంటే ఇంకో రెండు సైకిళ్ళు ముక్కలు కావాలి. చవక భాగాల బజారు నడిచేది ఇలాగే. డి సికా 'బైసికిల్ థీవ్స్' (1948)లో రోము సంతలో వెతికే దృశ్యం గుర్తుందా? సైకిలు పోయినవాడు సైకిలు కోసం వెతకడు. ఒకరు టైర్లు, ఒకరు ఫ్రేము, పిల్లవాడు పంపు, బెల్లు. అక్కడ సైకిలు పోవడమంటే ముక్కలవడమే. మా సంతల్లో దొంగసొత్తు లేకపోయినా జరిగేది అదే. ముక్కలైన సైకిలు ఎవరిదో, ఏ ఊరిదో, ఏం మోసిందో మళ్ళీ ఎవరూ చెప్పలేరు.

అందుకని నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. భాగాలు మూతపడ్డ షాపుల పాత స్టాకులోంచి కొంటాను. లేదా ఫ్రేము విరిగి ఇక తొక్కడానికి పనికిరాని సైకిలు నుంచి తీసుకుంటాను. నట్టు కింద ఇనుము ఇంకా తళతళలాడుతుంటే నిన్నో మొన్నో విప్పారని అర్థం, అది ముట్టుకోను. అరిగి ప్రమాదమయ్యేవి, అంటే టైర్లు, బ్రేకు రబ్బర్లు, బేరింగు గుళ్ళు, చైను, మొహమాటం లేకుండా కొత్తవి వేస్తాను. మిగతావి శుభ్రం చేసి, నూనె పెట్టి, ఉన్నచోటే ఉంచుతాను.

మీరు 'ఒరిజినల్' పక్షమే అయినా ఒక పని చెయ్యండి. స్పానరు పట్టుకునే ముందు సైకిలుని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పళ్ళు లెక్కపెట్టండి. హబ్బు మీది అంకెలు, ఫ్రేము నంబరు, వెల్డింగ్ అతుకులు రాసుకోండి. రంగు గీకేటప్పుడు కింద అక్షరాలు కనిపిస్తే ఆగండి. అమ్మినాయన్ని ఈ సైకిలు ఎక్కడిదని అడగండి. పావుగంట పని. మన ఊళ్ళ సైకిలు చరిత్రలో ఆ కాస్తా కాగితం మీదికి ఎక్కుతుంది.

నా ర్యాలీ ఇప్పుడు తిరుగుతోంది. ఈమధ్య ఒక పాత షాపులో గేరు మీట, కేబుల్ కొత్తవి దొరికాయి, కొన్నాను. అవి పెట్టెలోనే ఉన్నాయి. ఆదివారాలు సైకిలు తీసినప్పుడు 22 పళ్ళతోనే తొక్కుతున్నాను. ఎత్తు మీద కూడా కాళ్ళకి కష్టం లేదు.