స్థిరాస్తి ఏజెంట్ల సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ (కృష్ణా డెల్టా)

కొనేవారి, అమ్మేవారి నంబర్లు, చెప్పిన ధర, జరిగిన మాటలు ఒకచోట దాచి, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేర్. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఒకప్పుడు ఈ పని మధ్యవర్తి జేబులోని డైరీది. ఇప్పుడు చాలావరకు వాట్సాప్‌ది.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఫోన్‌లో ‘సుబ్బారావు హంసలదీవి 40 సెంట్లు’ అని రాసుకుంటే, అదే ఊళ్లో రెండో సుబ్బారావు తగిలిన రోజున లెక్క తప్పుతుంది. అందుకే ఊరికీ, సర్వే నంబరుకూ, విస్తీర్ణానికీ వేర్వేరు గడులు ఉండాలి. పొలం ఎకరాలు, సెంట్లలోనూ, ఇళ్ల స్థలం గజాల్లోనూ నడుస్తాయి (సెంటుకు 48.4 గజాలు). చదరపు అడుగులు తప్ప ఎరగని సాఫ్ట్‌వేర్ ఇక్కడ దండగ. ఒకే పొలానికి అన్నదమ్ములు, ఆడపడుచులు, అమెరికాలోని వారసుడు అందరి సంతకాలూ కావలసి రావచ్చు కనుక, ఒక భూమికి పలువురిని ముడిపెట్టే వీలు ముఖ్యం. తెలుగులో వెతకగలగాలి, సిగ్నల్ లేని చోటా తెరుచుకోవాలి.

2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం నమోదైన ఏజెంట్లు లెక్కలు, రికార్డులు ఉంచాలంటుంది. ఇతరుల వివరాలు దాచే విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వారి సమ్మతికి పెద్దపీట వేసింది. చెన్నై సంస్థ జోహో సీఆర్ఎం వంటివి నెలసరి చందాపై దొరుకుతాయి. పదిమందితోనే బేరాలు నడిపే ఏజెంటుకు మాత్రం ఎక్సెల్ చాలు. డబ్బు కట్టేముందు నంబర్లన్నీ ఎక్సెల్‌లోకి తిరిగి దించుకోవచ్చో లేదో చూసుకోవాలి.