బరువులెత్తు విద్య

పల్నాటివారమగు మనకు బాలచంద్రుని కత్తి తెలిసినంతగా సంగిడిరాయి తెలియదు. కారెంపూడి వీరులను ఏటేట కొలుతుము గాని, కత్తి పట్టిన చేతికి బలమెట్లు వచ్చెనో అడుగము. ఉత్తరాంధ్ర గ్రామములలో యువకులు నేటికిని పండుగ దినములలో సంగిడిరాళ్ల నెత్తుచున్నారు. పిడిలేని గుండు చేతికి చిక్కదు. దానిని ముంజేతులతో పొదివి, మోకాళ్లు వంచి, మొదట తొడలపైకిని, పిదప రొమ్మునకును, తుదకు భుజమునకును చేర్పవలెను. పంతమునకై ఒక్కపెట్టున లాగినవాని నడుము చెడును. చిన్నరాయి వశమైన పిదపనే పెద్దదానిని ముట్టవలెను. లెక్కలవాడను గనుక ఈ వరుస నాకు మిక్కిలి నచ్చినది.

వీరఘట్టమున పుట్టి 1942లో గతించిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ముపై ఏనుగు నెక్కించుకొని కలియుగ భీముడనిపించుకొనెను. జనులు ఏనుగునే చూచిరి. సర్కసు పెట్టకపూర్వము ఆయన విజయనగరమున బాలురకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడని మరచిరి.