గుండ్రం, పలక, మూల: అమ్మ ఒడిలో మొదలైన పాఠం

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం మాట్లాడదామనుకున్న విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. పసిపిల్లలకు గుండ్రమేది, మూడు మూలలదేది, నలుపలకలదేది అని చూపించి చెప్పడం. దీనికి కూడా ఒక చరిత్ర ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. నన్ను ఆ చరిత్ర వెదికేలా చేసింది మాత్రం ఒక చెల్లెమ్మ అన్న మాట.

ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లోని సబా అల్ సాలెంలో ఒక శుక్రవారం కలిసిందామె. కడప వైపు పల్లె. ఇక్కడ ఇంటిపని చేస్తుంది, ఆ ఇంటి నాలుగేళ్ళ పాపని కూడా చూసుకుంటుంది. తన ఐదేళ్ళ కొడుకు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. ఇంటిపని వీసా మీద వచ్చినవాళ్ళు పిల్లల్ని తెచ్చుకోవడానికి ఉండదని మీకు తెలుసు. వాడు వీడియో కాల్‌లో "సర్కిల్, ట్రయాంగిల్, స్క్వేర్" అని గడగడా అప్పజెబుతాడట. "మరి మనింట్లో గుండ్రంగా ఏముంది నాయనా" అంటే తెల్లముఖం వేస్తాడట. "నేను చదివింది ఐదో తరగతి అన్నా. నా కొడుక్కు నేనేం నేర్పేది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే దాదాపు రెండువందల ఏళ్ళు వెనక్కి, జర్మనీకి వెళ్ళాలి.

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782లో పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. తల్లి ఒడి ఎరగని ఆ మనిషి జీవితమంతా తల్లులు పిల్లలతో ఎలా ఆడుకుంటారో గమనిస్తూ గడిపాడు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి "కిండర్‌గార్టెన్", అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. ఈనాడు ప్రపంచమంతా వాడే మాట అదే.

ఆయన పిల్లల చేతికి మొదట ఇచ్చింది పుస్తకం కాదు, ఊలుతో అల్లిన మెత్తటి బంతి. తరువాత చెక్కతో చేసిన గోళం, ఘనం, స్థూపం. బంతి ఎటు తోసినా దొర్లుతుంది. ఘనం కదలకుండా కూర్చుంటుంది. స్థూపం పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే నిలుస్తుంది. ఈ తేడా పసివాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, చేతికే తెలిసిపోతుంది. ఆ తరువాతే పలుచటి బిళ్ళలు, ఆపైన పుల్లలు, చివరకు గింజలు. వస్తువు నుంచి ఉపరితలానికి, అక్కడి నుంచి గీతకు, గీత నుంచి చుక్కకు. ఇదీ ఆయన వరస.

1844లో ఆయన తల్లుల ఆటపాటలతో ఒక పుస్తకం వేశాడు. తల్లులు ఒడిలో ఆడించే ఆటల్లోనే పాఠం ఉందని ఆయన నమ్మకం. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ బడులను నిషేధించింది. మరుసటేడే ఆయన పోయాడు. నిషేధం 1860లో గాని తొలగలేదు. ఆయన సమాధి మీద నిలిపిన రాళ్ళు కూడా ఆ మూడు ఆకారాలే: ఘనం, స్థూపం, గోళం.

ఇక మన సంగతి చూద్దాం. మన అక్షరాల గుర్తులకు పెట్టుకున్న పేర్లు ఒకసారి తలచుకోండి. తలకట్టు, కొమ్ము, వట్రుసుడి. వట్రువ అంటే గుండ్రం. అక్షరాభ్యాసం నాడు బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించేటప్పుడు, ఆకారం ముందు వేలికి తెలుస్తుంది, కంటికి తరువాత. ముగ్గు సంగతి సరేసరి. ఫ్రోబెల్ చుక్క దగ్గర ఆపాడు, మన అమ్మమ్మలు చుక్క దగ్గరే మొదలుపెట్టారు. సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు వేసే మనిషికి రేఖాగణితం రాదని ఎవరనగలరు?

చిల్లర డబ్బులూ అలాంటివే. చిల్లుకానీకి నడిమధ్య చిల్లు. అణా అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉండేది. బేడ నాలుగు పలకలు. చదువురాని ముసలమ్మ కూడా చీకట్లో కొంగుముడి తడిమి ఏ బిళ్ళ ఏదో చెప్పేది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన ఐదు పైసలు పలక, పది పైసలు వంపులది, అల్యూమినియం ఇరవై పైసలకు ఆరు మూలలు. కువైట్‌లో కూడా 1961లో దినార్ వచ్చేదాకా నడిచింది రూపాయే. అంటే ఇక్కడి తాతల చేతులకు కూడా ఆ బిళ్ళల ఆకారాలు తెలిసినవే.

మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేదలుండే శాన్ లొరెంజో పేటలో తన మొదటి బాలగృహం తెరిచింది. అక్కడ చెక్క చట్రాల్లో ఇమిడే ఆకారపు ముక్కలుండేవి. పిల్లలు వాటి అంచును వేలితో తడిమి, ఏ గుంటలో ఏది ఇముడుతుందో చూసి పెట్టేవారు. 1939లో ఆమె మద్రాసు అడయారు వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఈనాడు మన ఊళ్ళలో వీధికొక "మాంటిస్సోరి" బోర్డు కనిపిస్తుంది. బోర్డు ఉన్న చోటల్లా ఆ చెక్కముక్కలు ఉన్నాయా అంటే అది వేరే సంగతి.

ఇప్పుడు మళ్ళీ ఇక్కడికి వద్దాం. కువైట్‌లోని ఆరు గవర్నరేట్లలో ముబారక్ అల్ కబీర్ ఆఖరిది, 1999లో ఏర్పడింది. 1896 నుంచి 1915 దాకా పాలించిన షేక్ ముబారక్ పేరు పెట్టారు. సబా అల్ సాలెం, అల్ అదాన్, అల్ ఖురైన్, ఇవన్నీ ఇందులోవే. ఇక్కడ పిల్లలకు చూపించడానికి ఆకారాలకు కొదువ లేదు.

జెండా చూడండి. 1961లో వచ్చిన ఈ జెండాలో కర్ర పక్కన ఉండే నల్లభాగం త్రిభుజం కాదు, ట్రెపీజియం. పిల్లలను దాని మూలలు లెక్కపెట్టమనండి, చాలామంది ముందు మూడు అనే అంటారు. నీలం, తెలుపు చారల నీళ్ళ టవర్లు చూడండి. ఐదు గుంపులుగా మొత్తం 31 కట్టారు, తలకిందులైన శంకువులు. ఊళ్ళో బొంగరం ఆడినవాడికి ఆ ఆకారం కొత్తకాదు. ఇక 1979లో జనానికి తెరిచిన కువైట్ టవర్స్‌లో ఉన్నవి గోళాలు. మాలెనె బ్యోర్న్ రూపకల్పన అది. ఈ నీళ్ళ టవర్లన్నింటికీ కలిపి 1980లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఇక్కడి బెదూయిన్ స్త్రీలు నేసే సదూ నేతలో వరసలు కట్టిన త్రిభుజాలుంటాయి. 2020లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అది కూడా తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చిన విద్యే.

ఒక్క జాగ్రత్త చెబుతాను. హాలెండ్‌కు చెందిన వాన్ హీలె దంపతులు 1957లో ఒక సంగతి తేల్చారు. పిల్లలు మొదట్లో ఆకారాన్ని మొత్తంగా చూసి పోల్చుకుంటారు, భుజాలూ మూలలూ లెక్కపెట్టరు. అందుకే చతురస్రాన్ని మూల మీద నిలబెడితే "ఇది చతురస్రం కాదు" అంటారు. కాబట్టి ఒకే బొమ్మ చూపించి ఊరుకోకండి. తిప్పి చూపించండి, పెద్దదీ చిన్నదీ చూపించండి, చేతికివ్వండి. పేరు తరువాత చెప్పవచ్చు. ఆ పేరు ఇంగ్లీషులో చెప్పినా, అరబ్బీలో చెప్పినా, పక్కనే తెలుగులో కూడా చెప్పండి. లేకపోతే సర్కిల్ అనేది ఫోనులో ఉండే బొమ్మ, గుండ్రం అనేది అమ్మమ్మ మాట అయిపోతాయి. ఆ రెండూ ఒకటేనని బిడ్డకు ఎప్పటికీ తెలియదు.

ఆ చెల్లెమ్మను నేనొకటి అడిగాను, "ఈ ఇంటి పాపకు నువ్వేం నేర్పావమ్మా" అని. ఆలోచించి చెప్పింది. కుబూస్ చేతిలో పెట్టి చూపించిందట. దాన్ని నాలుగు ముక్కలు చేసి మూలలు తడిమించిందట. చెంబు దొర్లించిందట. "అవి ఆటలు కదన్నా" అంది. ఫ్రోబెల్ జీవితమంతా చెప్పింది ఆ మాటే. ఐదో తరగతి చదువుతో ఆమె పరాయి బిడ్డకు నేర్పింది, ప్రపంచంలోని బడులన్నీ తల్లుల దగ్గర నేర్చుకున్న పాఠమే.

ఇప్పుడు ఆమె కాల్ చేసినప్పుడల్లా కొడుక్కి ఒక పని చెబుతోంది. "ఇంట్లో దొర్లేది ఒకటి తే. మూలలున్నది ఒకటి తే." వాడు పరుగెత్తి చెంబూ, పలకా, రోకలీ తెచ్చి ఫోను ముందు పెడుతున్నాడు. మొన్న మాత్రం అమ్మమ్మనే చెయ్యి పట్టి లాక్కొచ్చాడట, ఆమె నుదుటిబొట్టు గుండ్రంగా ఉందని చూపించడానికి.

తాకలేనంత దూరంలో ఉన్న తల్లికి అంతకన్నా ఏం కావాలి! మీ ఇంట్లో పిల్లలున్నారు కదా, ఈ పూటే ఒకసారి అడిగి చూడండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.